జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్: తెగిన చోటు నుంచే మళ్లీ సాగే బ్యాకప్, మూడేళ్ల వాడకం తర్వాత

ఈ మూడేళ్లలో మా యూనివర్సిటీ స్టోరేజీలో మార్చినవన్నీ ఒక ఎత్తు, తెగిన కాపీ ఎక్కడ ఆగిందో గుర్తుంచుకునే రిజ్యూమ్ టోకెన్ అనే ఒక్క సౌకర్యం ఒక ఎత్తు. బరంపురంలో సర్వర్ రూము, కొరాపుట్ కొండ మీద రెండో కాపీ, మధ్యలో ఘాట్ రోడ్డు పక్కనే సాగే ఫైబర్. రోడ్డు పనుల్లో జేసీబీ తగిలినా, కొండచరియ జారినా, కరెంటు పోయినా లైను తెగుతుంది. వానాకాలంలో తెగని వారం ఉండదు. అందుకే కాపీ సగంలో ఆగితే మళ్లీ ఎక్కడి నుంచి మొదలవుతుందన్నదే మాకు అసలు లెక్క.

జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే డిస్కుల మీద ఫైళ్లను దాచి చూసుకునే ఫైల్ సిస్టమ్. ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన రూపం స్నాప్‌షాట్. దాన్ని ఇంకో సర్వర్‌కు పంపే కమాండ్ సెండ్, అందుకునేది రిసీవ్. విడిగా స్నాప్‌షాట్ తీయగల ఒక్కో ఫైళ్ల విభాగం డేటాసెట్, వాటన్నిటినీ మోసే డిస్కుల గుంపు పూల్. ఇంతకుముందు రాత్రిపూట ఆర్‌సింక్ నడిచేది, మారిన ఫైళ్లను వెతికి కాపీ చేసే ప్రోగ్రాం అది. డీస్పేస్ అనే డిజిటల్ భాండాగారంలోని థీసిస్‌లు, కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోని వివరాలు, తాళపత్రాలను స్కాన్ చేసిన టిఫ్ ఫైళ్లు అన్నీ కలిపి 60 లక్షల పైచిలుకు ఫైళ్లు. వాటిలో ఏది మారిందో వెతుక్కోవడానికే ఆర్‌సింక్‌కు తెల్లారిపోయేది. జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఆ వెతుకులాట లేదు. ప్రతి బ్లాకు (డేటా ముక్క) మీదా దాన్ని ఏ ట్రాన్సాక్షన్‌లో, అంటే ఏ విడత రాతలో రాశారో నంబరు ఉంటుంది. నిన్నటి స్నాప్‌షాట్ తర్వాతి నంబరున్న బ్లాకుల్ని మాత్రం ఏరుకుని పంపేస్తుంది.

మాకున్న లింకు 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు). మామూలు రోజున మార్పులు 40 జీబీ, అంటే నాలుగున్నర గంటల పని, రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున అయిపోతుంది. స్కానింగ్ విభాగం ఒకేసారి 600 జీబీ దించిందనుకోండి, 67 గంటలు కావాలి. అంతసేపు తెగకుండా ఉండే లైను మాకు లేదు. టోకెన్ లేని రోజుల్లో అరవయ్యో గంటలో తెగినా కథ మళ్లీ మొదటికే.

పని తీరు ఇదీ. అందుకునే వైపు రిసీవ్ కమాండ్‌కు ‘మైనస్ ఎస్’ తప్పకుండా పెట్టాలి. మరిచిపోతే లైను తెగగానే వచ్చిందంతా పారేస్తుంది. పెడితే వచ్చినంత మేరా దాచుకుని, డేటాసెట్ ప్రాపర్టీల్లో ఒక టోకెన్ వదులుతుంది: ఒకటి, పక్కన గీత, ఆపైన వరుసల కొద్దీ అక్షరాలూ అంకెలూ. దాన్ని పంపే వైపుకు తెచ్చి సెండ్‌కు ‘మైనస్ టీ’తో ఇస్తే ఆగిన బైటు దగ్గర నుంచే సాగుతుంది. దాంతోపాటు ‘ఎన్’, ‘వీ’ కూడా కలిపి కొడితే ఏమీ పంపకుండానే టోకెన్ విప్పి చూపిస్తుంది: ఏ స్నాప్‌షాట్, ఎన్ని బైట్లు చేరాయి. ఒక తుఫాను రాత్రి 600లో 512 జీబీ చేరిందని తెరమీద చూసినప్పుడు కలిగిన ధైర్యం ఇంకే బ్యాకప్ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు. టోకెన్ ఒక డేటాసెట్‌కే పనిచేస్తుంది కాబట్టి మొత్తం చెట్టును ఒక్క మూటగా పంపకుండా ఒక్కో డేటాసెట్‌నూ విడివిడిగా పంపడం మేలు.

రెండో కాపీ దగ్గర్లోని పర్లాకిమిడిలో పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను బరంపురం పక్కనున్న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను, అది తీరానికి లోపలున్నా, వరదలతో, కొండచరియలతో ముంచింది. బరంపురం, పర్లాకిమిడి రెండూ ఒకే గాలి దారిలో ఉన్నాయి. కొరాపుట్ దూరమే, లైను సన్నమే, అయినా అదే సరైన చోటు.

ఇక దెబ్బ తిన్న చోటు. రెండో ఏడాది వానల్లో లైను వరుసగా 19 రోజులు లేదు. అప్పటికి ఒక పెద్ద స్నాప్‌షాట్ సగం దారిలో ఉంది, 410 జీబీ చేరింది, టోకెన్ భద్రంగానే ఉంది. లైను రాగానే టోకెన్ ఇస్తే వచ్చిన జవాబు: మొదటి సెండ్‌లో వాడిన స్నాప్‌షాట్ ఇప్పుడు లేదు. బరంపురంలో స్నాప్‌షాట్లను 14 రోజులకు తుడిచేసే పని యథావిధిగా తన పని చేసుకుపోయింది. పంపుతున్న స్నాప్‌షాట్ పోయింది, దానికి ఆధారమైన పాతదీ పోయింది. రెండు వైపులా ఉమ్మడిగా ఉన్న స్నాప్‌షాట్ ఒక్కటీ మిగల్లేదు. అంటే తేడా పంపే దారి మూసుకుపోయింది, మొత్తం 18 టీబీ మళ్లీ పంపాలి. 20 ఎంబీపీఎస్‌లో అది 83 రోజులు.

రోజూ ‘ఫెయిలైంది’ అని మెయిల్ వస్తూనే ఉంది. కరెంటు పోయినా అదే మెయిల్, జేసీబీ తవ్వినా అదే మెయిల్. అలవాటైపోయి ఎవరూ రోజులు లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆ మెయిల్ ఆపేశాం. దాని బదులు రెండు వైపులా ఉన్న చివరి ఉమ్మడి స్నాప్‌షాట్ వయసు కొలుస్తున్నాం: మూడు రోజులు దాటితే పసుపు, ఏడు దాటితే ఎరుపు.

బాగుచేసిన పద్ధతి కూడా చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. రెండు 20 టీబీ డిస్కులతో ఒక మిర్రర్ పూల్ (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేది) కట్టి, బరంపురంలోనే దాని మీదకు పూర్తి సెండ్ నడిపాం. సెకనుకు సుమారు 150 ఎంబీ వేగంతో 33 గంటలు పట్టింది. ‘మైనస్ డబ్ల్యూ’తో పంపాం కాబట్టి డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నట్టే వెళ్లింది, దారిలో డిస్కు పోయినా తాళంచెవి లేకుండా ఎవరూ చదవలేరు. పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి (సర్వర్ నుంచి పద్ధతిగా విడదీసి), డిస్కుల్ని యాంటీస్టాటిక్ కవర్లలో పెట్టి, చుట్టూ ఫోమ్ వేసి కారులో కొండెక్కించాం. అక్కడి సర్వర్‌లో పాతదీ కొత్తదీ పక్కపక్కన పట్టే చోటు లేదు, పాత కాపీ తుడిస్తే గానీ కొత్తది దిగదు. ఆ మధ్యకాలంలో ఆ రెండు డిస్కులే మా రెండో కాపీ. మిర్రర్ కాకుండా ఒంటి డిస్కు తీసుకెళ్లి ఉంటే ఆ 33 గంటలూ ఊపిరి బిగబట్టాల్సిందే.

ఆ తర్వాత పెట్టుకున్న కట్టడి: పంపడం మొదలవగానే ఆ స్నాప్‌షాట్ మీద హోల్డ్, అంటే తుడవకుండా ఆపే తాళం, వేస్తాం. హోల్డ్ ఉంటే తుడిచే స్క్రిప్టుకు ‘డేటాసెట్ బిజీ’ అనే జవాబే వస్తుంది. అవతల పూర్తిగా చేరి, అక్కడ కూడా హోల్డ్ పడ్డాకే పాతదాన్ని విడిచిపెడతాం. దానికి తోడు చేరిన ప్రతి స్నాప్‌షాట్‌కూ ఒక బుక్‌మార్క్, అంటే అది ఎక్కడి వరకు ఉందో చెప్పే గుర్తు. బుక్‌మార్క్‌లో డేటా ఉండదు, చోటు దాదాపు తీసుకోదు, అసలు స్నాప్‌షాట్ తుడిచినా తేడా పంపడానికి ఆధారంగా నిలుస్తుంది. అయితే అది ఆధారం వైపే ఆదుకుంటుంది. దారిలో ఉన్న స్నాప్‌షాట్‌ను బుక్‌మార్క్ కాపాడలేదు, దానికి హోల్డే కావాలి. కొరాపుట్‌లో స్నాప్‌షాట్లను 90 రోజులు ఉంచుతున్నాం, అటువైపు తుడిచేస్తే బుక్‌మార్క్ ఉన్నా వృథా.

మొదట్లో స్నాప్‌షాట్లకు ఖర్చే లేదని మేమే అందరికీ చెప్పాం. ఆ మాట కొంచెం దిద్దుకోవాలి. హోల్డ్ పడ్డాక తుడిచిన ఫైళ్ల చోటు తిరిగి రాదు. లైను లేని రోజుల్లో పూల్ నెమ్మదిగా నిండుతుంది, 80 శాతం దాటితే రాయడం మందగిస్తుంది. ఇంకో దిద్దుబాటు డీస్పేస్ గురించి. ఫైళ్లు ఒకచోట, వాటి వివరాలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఇంకోచోట ఉంటాయి. ముందు డేటాబేస్ డంప్ (దాని పూర్తి నకలు), తర్వాత ఫైళ్ల స్నాప్‌షాట్, ఈ వరుస తప్పకూడదు. తిరగబడితే డేటాబేస్‌లో పేరుండి ఫైలు లేని థీసిస్‌లు తేలతాయి. సరైన వరుసలో మహా అయితే పేరు లేని ఫైలు ఒకటి అదనంగా మిగులుతుంది, దానివల్ల నష్టం లేదు.

రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) భయానికి కాపీని బరంపురం నుంచి తొయ్యడం మానేసి కొరాపుట్ నుంచి లాగుతున్నాం. లాగే యూజరుకు ‘జెడ్‌ఎఫ్‌ఎస్ అలవ్’ అనే అనుమతుల కమాండ్‌తో సెండ్, హోల్డ్, బుక్‌మార్క్ అనుమతులు తప్ప తుడిచే హక్కు లేదు. ఎన్‌క్రిప్షన్ తాళంచెవి కాగితం మీద ముద్రించి సీలు కవరులో రెండు ఊళ్లలోనూ బీరువాలో ఉంది. అది పోతే రెండు కాపీలూ ఉన్నా లేనట్టే.

మాలా 18 టీబీ, సన్నటి లైను, చూసుకోవడానికి ఒకరిద్దరు మనుషులు ఉన్నచోట దీన్ని నిస్సంకోచంగా వాడొచ్చు. వందల టీబీ ఉన్నవాళ్లకు టేపు లెక్క వేరుగా తేలొచ్చు, ఎల్‌టీఓ-8 రకం బ్యాకప్ టేపు ఒక్కటే డేటాను కుదించకుండానే 12 టీబీ పట్టేస్తుంది. గిగాబిట్ లైను ఉన్న క్యాంపస్‌కు టోకెన్ అంత గొప్పగా అనిపించకపోవచ్చు. మాకూ అలాంటి లైను వస్తే టోకెన్ అవసరం తగ్గుతుందేమో గానీ, హోల్డులు మాత్రం తియ్యం.