కౌలాలంపూర్‌లో ఒక్క ఆదివారం: ఏ స్టేడియం మేలు?

"బావా, నాకు ఆదివారం ఒక్కరోజే ఖాళీ. జంట టవర్లు ఎలాగూ చూస్తాను, ఒక స్టేడియం కూడా చూపించు. పెద్దది చూపించు." 2024 మే నెలలో సింగపూర్ నుంచి వస్తూ మా బావమరిది ఫోన్‌లో అన్న మాట ఇది. ఇక్కడ ఉంటున్నందుకు ఏడాదికి ఇద్దరు ముగ్గురు చుట్టాలైనా ఇదే అడుగుతారు. మలేషియాలో పెద్ద స్టేడియం వేరు, ఆట బాగా కనబడే స్టేడియం వేరు, మన కథ ఉన్న స్టేడియం వేరు. ఏది కావాలో తేల్చుకుని బయల్దేరడం మంచిది.

పెద్దదంటే బుకిట్ జలీలే, అందులో వాదన లేదు. 1998 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టారు. సీట్లు 87,000 పైచిలుకు. ఎల్ఆర్‌టీ (ఇక్కడి సిటీ రైలు) దిగితే ఎదురుగానే ఉంటుంది, దారి అడిగే పని కూడా లేదు. జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఆడే రోజున రైల్లోనే మ్యాచ్ మొదలైపోతుంది. పసుపు మీద నల్ల చారల పులి జెర్సీలు, డప్పులు, పిల్లల బుగ్గల మీద జెండా రంగులు. ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకునేది 2010 డిసెంబరు 26 రాత్రి గురించి. ఆగ్నేయాసియా కప్పు ఫైనల్ రెండు మ్యాచ్‌లు, అందులో మొదటిదానిలో మలేషియా ఇండోనేషియాను 3-0తో ఓడించింది. మధ్యలో ప్రేక్షకులు లేజర్ లైట్లు కళ్లలో కొడుతున్నారని ఇండోనేషియా ఆటగాళ్లు కాసేపు మైదానం వదిలి పక్కకు వెళ్లిపోయారు కూడా. కప్పు మలేషియాదే అయింది, అది వాళ్లకు మొదటిసారి.

అంత బాగుంటే ఇంకేం కావాలి? కూర్చుంటే తెలుస్తుంది. మైదానానికీ కుర్చీలకూ మధ్య పరుగు పందేల ట్రాక్ ఉంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పై అంతస్తులో సీటు దొరికింది. అక్కడి నుంచి బంతి రేగిపండంత. గోల్ కొట్టిందెవరో పక్కాయన చెబితే గానీ తెలియలేదు, ఆయనా పెద్ద తెర చూసే చెప్పాడు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన మన గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్ చూసినవాళ్లకు ఈ బాధ తెలిసే ఉంటుంది. పరుగు పందేలకూ ఫుట్‌బాల్‌కూ ఒకే గిన్నెలో వండితే ఫుట్‌బాలే చల్లారిపోతుంది. దానికి తోడు పచ్చిక గొడవ. మైదానం సరిగ్గా లేదని ఏళ్ల తరబడి తిట్లు తిని, చివరికి జోయ్సియా జాతి గడ్డి తెచ్చి వేశారు. నన్నడిగితే బుకిట్ జలీల్‌కు జనాన్ని చూడటానికి వెళ్లాలి, ఆటను చూడటానికి కాదు. జనం లేని రోజున అది ఉత్త కాంక్రీటు.

ఆట చూడాలంటే జొహోర్ వెళ్లాలి. ఇస్కందర్ పుతేరిలో 2020లో తెరిచిన సుల్తాన్ ఇబ్రహీం స్టేడియం పూర్తిగా ఫుట్‌బాల్‌కే. సీట్లు 40,000 మాత్రమే, బుకిట్ జలీల్‌లో సగం కూడా కాదు. పైకప్పు అరటాకు ఆకారం ఆధారంగా గీశారట. ఈ మాట చెబితే మావాడు "అయితే భోజనం వడ్డిస్తారా బావా?" అన్నాడు. ట్రాక్ లేదు కాబట్టి మైదానం కాళ్ల దగ్గరే ఉన్నట్టుంటుంది. నేను గోల్‌పోస్టు వెనక ఆరో వరసలో కూర్చున్నాను. కార్నర్ కిక్‌కు ముందు గోల్‌కీపర్ తన డిఫెండర్ల మీద అరిచిన అరుపు వినబడింది, బూటు బంతికి తగిలిన చప్పుడు వినబడింది. టీవీలో ఎన్ని మ్యాచ్‌లు చూసినా ఆ చప్పుడు రాదు.

ఇంకో తేడా యజమానిది. ఇది జొహోర్ దారుల్ తాజిమ్ క్లబ్బు సొంత ఇల్లు. అందరూ జేడీటీ అంటారు. రాజకుటుంబం అండ ఉంది, డబ్బుకు లోటు లేదు, 2014 నుంచి లీగ్ టైటిల్ వరసగా వాళ్లదే. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన లీగ్‌లో మజా ఏముందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ సీజన్ పొడుగునా ఆట జరిగే చోట పచ్చిక బాగుంటుంది, కుళాయిలో నీళ్లొస్తాయి, విరిగిన కుర్చీ విరిగినట్టే ఉండదు. చిక్కల్లా దూరం. కౌలాలంపూర్ నుంచి 300 కిలోమీటర్ల పైమాటే. స్టేడియం వాకిట్లో దింపే రైలూ లేదు, కారు ఉండాల్సిందే. సింగపూర్‌లో ఉండే తెలుగువాళ్లకు మాత్రం ఇది పక్కింటి లెక్క. తువాస్ దగ్గర సెకండ్ లింక్ వంతెన దాటితే చాలు. అలాగని రాత్రి తిరుగు ప్రయాణంలో బోర్డర్ దగ్గర క్యూ ఉండదని నేను చెప్పను.

షా ఆలం స్టేడియం గురించి అడుగుతారని ఇక్కడే చెప్పేస్తున్నాను. 1994లో తెరిచారు, 80,000 సీట్లు, రెండు పెద్ద విల్లుల్లాంటి పైకప్పులు. బుకిట్ జలీల్ వచ్చేదాకా ఇదే పెద్దన్న. 2007 ఆసియా కప్ మ్యాచ్‌లు కూడా ఇక్కడ ఆడారు. పైకప్పు పాడై, భద్రత లేదని 2020లో మూసేశారు, 2024లో కూల్చడం మొదలైంది. దాని చోట వచ్చేది సుమారు 45,000 సీట్లది. తెరెంగాను రాష్ట్రంలోని స్టేడియం కథ ఇంకా దారుణం. 2008లో తెరిచిన స్టేడియం పైకప్పులో ఒక భాగం 2009 జూన్‌లో కుప్పకూలింది, గట్టిగా ఏడాది గడిచిందంతే. ఆ సమయంలో లోపల మ్యాచ్ లేకపోవడం అదృష్టం. పెద్దది కట్టడానికి ఒక ప్రారంభోత్సవం చాలు, నిలబెట్టడానికి ఏటా ఖర్చుండాలి. మా బావమరిదికి ఇది చెబితే "నేను చూడ్డానికొచ్చాను బావా, కొనడానికి కాదు" అన్నాడు.

మ్యాచ్ ఏదీ లేని రోజైతే నా ఓటు స్టేడియం మెర్డేకాకే. మెర్డేకా అంటే స్వాతంత్ర్యం. 1957 ఆగస్టు 31న తొలి ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్ చెయ్యెత్తి ఏడుసార్లు "మెర్డేకా" అని అరిచింది ఇక్కడే. ఇప్పుడు దాని పక్కనే 678.9 మీటర్ల మెర్డేకా 118 టవర్ నిలబడింది. దాని కింద స్టేడియం ఎవరో పెరట్లో మరిచిపోయిన పాత పళ్లెంలా కనబడుతుంది. తర్వాత తగిలించిన అంతస్తులు తీసేసి మళ్లీ 1957 నాటి రూపానికి తెచ్చారు. లోపలికి ఎప్పుడుపడితే అప్పుడు పంపరు, ముందే కనుక్కుని వెళ్లండి.

మనవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హాకీలో భారత్ గెలిచిన ఒకే ఒక్క పురుషుల ప్రపంచకప్ ఈ గడ్డ మీదే. 1975 మార్చి 15న ఫైనల్లో పాకిస్తాన్ మీద 2-1. అశోక్ కుమార్ కొట్టిన రెండో గోల్‌లో బంతి లోపలికెళ్లి స్తంభానికి తగిలి బయటికొచ్చింది. గోల్ కాదని పాక్ ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు, అంపైర్ ఒప్పుకోలేదు. అదే ఏడాది ముహమ్మద్ అలీ ఇక్కడే జో బగ్నర్‌తో 15 రౌండ్ల బాక్సింగ్ ఆడి గెలిచాడు. ఇంకా వెనక్కి వెళ్తే, 1959 మెర్డేకా కప్‌లో రెండో స్థానంలో నిలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. బుకిట్ జలీల్‌లో ఇన్ని కథలు పోగవడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది.

ఇన్ని చెప్పి ఆ ఆదివారం నేను మావాణ్ని తీసుకెళ్లింది వీటిల్లో దేనికీ కాదు. బుకిట్ జలీల్ ఆవరణలోనే 16,000 మంది పట్టే ఇండోర్ స్టేడియం ఉంది. పుత్రా స్టేడియంగా కట్టారు, తర్వాత యాక్సియాటా అరీనా అన్నారు, స్పాన్సర్ మారితే బోర్డు మారుతుంది. ఆ రోజు మలేషియా మాస్టర్స్ బ్యాడ్మింటన్ ఫైనల్స్. సింధు, వాంగ్ జీయీ. మొదటి గేమ్ 21-16తో మనదే. రెండోది 5-21. మూడో గేమ్‌లో సింధు 11-3తో ముందుంటే మా వెనక వరసలోంచి "అయిపోయిందిరా, అయిపోయింది" అని తెలుగులో కేక వినబడింది. ఎవరో తిరిగి చూసేలోపు ఒక్కో పాయింటూ జారిపోవడం మొదలైంది. 16-21. ఆ ఏడాది జనవరిలో మలేషియా ఓపెన్ ఫైనల్లో అమలాపురం సాత్విక్, చిరాగ్ జోడీ ఓడిందీ ఈ పైకప్పు కిందే. అయినా ఇక్కడ ఏ సీట్లో కూర్చున్నా షటిల్ కనబడుతుంది, ఏసీ ఉంటుంది, వాన టెన్షన్ లేదు. మన తెలుగు పేర్లు మైకులో వినబడే అవకాశం ఈ దేశంలో అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ.

దీనికి పోటీ వచ్చేది ఒక్కటే, క్లాంగ్ వైపున్న బాయుమాస్ ఓవల్. చిన్న క్రికెట్ మైదానం. 2025 ఫిబ్రవరి 2న అండర్-19 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది ఇక్కడే. మిగతా రోజుల్లో చూడటానికి ఏమీ ఉండదు, అందుకని దానికోసం పని గట్టుకుని వెళ్లమని చెప్పను.

అరీనా నుంచి బయటికొచ్చేసరికి వాన. అది వెలిశాక, మావాడి మాట కాదనలేక, పెద్ద స్టేడియం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించాను. గేట్లు వేసి ఉన్నాయి, వాచ్‌మన్ తప్ప మనిషి లేడు. మావాడు రెండు ఫోటోలు తీసుకుని, "ఇంతేనా?" అన్నాడు. వెంటనే ఫోన్ తీసి జేడీటీ తర్వాతి హోమ్ మ్యాచ్ ఎప్పుడో వెతకడం మొదలుపెట్టాడు.