ఓపిక ఉన్నంతసేపే రాయబారం: ‘డ్రా స్టీల్’ సంప్రదింపుల నియమాలపై సమీక్ష

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతూ కథ సాగించే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పోరాటానికి పదుల పేజీల నియమాలు ఉంటాయి. మాటలతో నెగ్గుకురావలసిన సన్నివేశాన్ని మాత్రం ఒకసారి పాచిక వేసి ముగించడం ఆనవాయితీగా వస్తోంది. 1974 నాటి తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఎదురైన జీవి మాట వింటుందో మీద పడుతుందో రెండు ఆరు ముఖాల పాచికలు తేల్చేవి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ డంజన్ మాస్టర్స్ గైడ్ (ఆట నడిపేవారి పుస్తకం) ఎదుటి పాత్ర, అంటే ఆట నడిపేవారు పలికించే పాత్ర, వైఖరిని స్నేహం, ఉదాసీనత, శత్రుత్వం అని మూడు రకాలుగా విడదీసి కొంత ముందడుగు వేసినా, అంతా విన్నాక తీర్పును మళ్ళీ ఒకే ఒక్క కరిస్మా చెక్‌కు, అంటే ఆకట్టుకునే శక్తిని పరీక్షించే పాచికకు, అప్పగించింది. మాట్ కోల్‌విల్ స్థాపించిన ఎంసీడీఎం సంస్థ 2025లో విడుదల చేసిన ‘డ్రా స్టీల్’ ఈ లోటును గుర్తించి, సంప్రదింపులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. 2023 డిసెంబరులో మొదలైన నిధుల సేకరణలో 45 లక్షల డాలర్లకు పైగా రాబట్టిన ఈ ఆట ప్రధానంగా పోరాటాల ఆటగానే పేరు తెచ్చుకుంది. నేను ఇక్కడ పరిశీలిస్తున్నది మాత్రం ‘హీరోస్’ పుస్తకంలోని ఆ ఒక్క అధ్యాయాన్నే.

అమరిక సులువుగానే అర్థమవుతుంది. ఎదుటి పాత్రకు ఆసక్తి, ఓపిక అని రెండు కొలతలు ఉంటాయి. రెండూ సున్నా నుంచి ఐదు వరకు నడుస్తాయి. ఆ పాత్ర మనసును కదిలించే విషయాలను మోటివేషన్లు అంటారు. దయ, అన్వేషణ, స్వేచ్ఛ, ధనాశ, న్యాయం, శాంతి, అధికారం, ప్రతీకారం వంటివి మొత్తం 12 ఉన్నాయి. అదే జాబితాలోంచి ఆ పాత్రకు గిట్టనివాటిని ఎంచి పిట్‌ఫాల్స్‌గా పెడతారు. ఆటగాళ్ళు ఒక వాదన వినిపించి రెండు పది ముఖాల పాచికలు వేసి, వచ్చినదానికి తమ పాత్ర సామర్థ్యపు అంకెను కలుపుతారు. వాదన సరైన మోటివేషన్‌కు తగిలితే 12 నుంచి 16 వరకు వచ్చినా ఆసక్తి ఒక మెట్టు పెరిగి, ఓపిక ఒక మెట్టు తగ్గుతుంది. 17 గానీ అంతకు మించి గానీ వస్తే ఆసక్తి పెరుగుతుంది, ఓపిక చెక్కుచెదరదు. పిట్‌ఫాల్‌ను తాకితే పాచికల ప్రమేయమే లేకుండా రెండూ ఒక్కో మెట్టు పడిపోతాయి. చివరి జవాబు ఆసక్తి ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి ‘ఒప్పుకోను, పైగా మీ పని చెబుతాను’ నుంచి ‘ఒప్పుకుంటాను, అడగనిది కూడా ఇస్తాను’ దాకా ఆరు రకాలుగా ఉంటుంది.

నా దృష్టిలో ఈ అధ్యాయం అసలు బలం ఆసక్తిలో కాదు, ఓపికలో ఉంది. మామూలుగా మా ఆటల్లో దొరను ఒప్పించే సన్నివేశం మొదలైతే, ఒకరు కాదంటే ఇంకొకరు, అదీ కాకపోతే మొదటివారే మాట మార్చి మళ్ళీ, ఇలా ఎవరో ఒకరి పాచిక కలిసొచ్చేవరకు సాగుతూనే ఉండేది. ఆట నడిపేవారు విసిగి ‘సరే, ఒప్పుకున్నాడు’ అనడమో, కసురుకుని తలుపు వేయడమో జరిగేది. ఓపికను అంకెగా బల్ల మీద పెట్టేసరికి ఆ సాగతీత ఆగిపోయింది. ఇంకా రెండు మాటలే మిగిలాయని తెలిసినప్పుడు ఆటగాళ్ళు తమలో తాము తర్జనభర్జన పడి, ఏ మాట ఎవరు ఎత్తాలో తేల్చుకుని మరీ నోరు విప్పుతున్నారు.

ఒక సందర్భం చెబుతాను. కోట గోడల బయట శరణార్థులు చేరారు. లోపలి అధికారిణి తలుపులు తీయడం లేదు. ఆమె అనుమానంతో ఉన్న మనిషి కనుక ఆసక్తి రెండు, ఓపిక రెండు. రక్షణ, వారసత్వం ఆమె మోటివేషన్లు, ధనాశ పిట్‌ఫాల్. మా జట్టులో ఒకరు ముందూవెనుకా చూడకుండా బంగారం సంచి చూపించారు. ఆసక్తి ఒకటికి, ఓపిక ఒకటికి పడిపోయాయి. అంతవరకు ‘మీరు’ అంటున్న అధికారిణి చేత, ఆట నడుపుతున్న నేను ‘నువ్వు’ అనిపించాను. అంకె చెప్పకుండానే బల్ల చుట్టూ అందరికీ విషయం బోధపడింది. రెండోవారు, బయట ఉన్నవాళ్ళలో సగం మంది ఈ కోటకు ధాన్యం పండించే రైతులేననీ, వారిని కాపాడటమంటే కోటను కాపాడుకోవడమేననీ వాదించారు. ఆరు, ఏడు పడ్డాయి, పాత్ర సామర్థ్యం కింద రెండు కలిపితే 15. ఆసక్తి మళ్ళీ రెండుకు చేరింది కానీ ఓపిక అయిపోయింది. రెండు దగ్గర వచ్చే జవాబు ‘కాదు, అయితే’ అన్నది. తలుపులు తీయనని, గోడ మీది నుంచి మూడు రోజుల తిండి మాత్రం దించుతానని ఆమె తేల్చి చెప్పింది. అర్ధరాజ్యం అడిగి ఐదూళ్ళకు దిగే రాయబారం విని పెరిగిన మనకు ఈ దిగువ మెట్ల ఒప్పందాలు కొత్త కాదు. ఆశ్చర్యమల్లా, ఓడిపోయినట్టు అనిపించకుండా ఓటమిని అందించే పద్ధతి ఒక ఆట నియమాల్లో ఇంత శుభ్రంగా ఇమడటమే.

మాటకారులు కానివారికి కూడా ఇందులో న్యాయం జరుగుతుంది. అభినయం చేయనక్కరలేదు, ‘ఆమెకు పేరు నిలబెట్టుకోవాలని ఉంది కాబట్టి దాని గురించి మాట్లాడతాను’ అంటే చాలు, అది వాదనే. తెలుగులో ఆడే బల్లల దగ్గర ఇది మరింత ఉపయోగం, ఎందుకంటే ఇంగ్లిషు పుస్తకంలోని పదజాలం నోటికి తిరగక వెనక్కి తగ్గేవారు బేరం దగ్గరికి వచ్చేసరికి ఇంటి భాషలో హాయిగా వాదిస్తారు. బజారులో కత్తి ధర తగ్గించడం వంటి చిల్లర బేరాలకు ఈ నియమాలను వాడవద్దని, ఎదుటి పాత్రకు వినడానికీ వెనుకాడడానికీ రెండింటికీ కారణం ఉన్నప్పుడే వాడాలని చెప్పడం కూడా మెచ్చుకోదగిన విషయం.

లోపాలు లేకపోలేదు. ఐదుగురు ఆటగాళ్ళు ఉండి ఓపిక మూడే ఉంటే ఇద్దరు నోరు తెరవకుండానే చర్చ ముగిసిపోవచ్చు. పుస్తకం చదివిన ఆటగాళ్ళకు ఆ 12 పేర్లూ కంఠతా వచ్చేస్తాయి కనుక, మనిషిని గమనించి మాట్లాడటం మాని జాబితాలోంచి ఒక్కో పేరు ఎత్తి చూసే ధోరణి మొదలవుతుంది. మనసు చదవడానికి వేరే పరీక్ష ఉన్నా, అందులో పాచిక బాగా తక్కువ పడితే ఓపికే కరిగిపోతుంది. దానితో చాలామంది ఊహకే మొగ్గు చూపుతారు. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది వేరొకటి: సంభాషణ ఒకే దిశలో సాగుతుంది. ఆటగాళ్ళు అడుగుతారు, ఎదుటి పాత్ర జవాబిస్తుంది. ఆ పాత్ర తన వంతుగా షరతు పెట్టి, ఎదురు వాదించి, ఆటగాళ్ళ ఓపికను పరీక్షించే నియమం ఏదీ కనబడదు. ‘ఒప్పుకుంటాను, అయితే’ అన్న జవాబులో షరతు వస్తుంది నిజమే, కానీ అది జవాబులో భాగంగా వచ్చే షరతే, ఎదురు వాదన కాదు. నిజమైన బేరంలో ఇరుపక్షాలకూ ఏదో ఒకటి కావాలి. ఈ వెలితిని డైరెక్టర్, అంటే ఈ ఆటను నడిపే వ్యక్తి, సొంత తెలివితో పూడ్చుకోవలసిందే.

డైరెక్టర్‌కు శ్రమ కూడా తక్కువేమీ కాదు. ముఖ్యమైన ప్రతి పాత్రకూ మోటివేషన్లు, పిట్‌ఫాల్స్ ముందే రాసిపెట్టుకోవాలి. అప్పటికప్పుడు కల్పిస్తే, ఆటగాళ్ళు ఏది అంటే అదే సరైనదిగా మారిపోయే ప్రమాదం ఉంది. పాత్రకు రెండు మోటివేషన్లు, ఒక పిట్‌ఫాల్ చాలని, అంతకు మించితే బల్ల దగ్గర గుర్తుండవని నా అభిప్రాయం.

పోరాటం కోసం డ్రా స్టీల్ ఆడదలచుకున్నవారికి ఈ అధ్యాయం ఎలాగూ చేతిలోకి వస్తుంది. ఇప్పటికే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతూ దీనికోసమే పుస్తకం కొనాలా అని అడిగేవారికి నేను తొందరపడవద్దనే చెబుతాను. పాత ఆటలోనే ఆసక్తికి ఒక వరుస, ఓపికకు ఒక వరుస కాగితం మీద గీసుకుని, ఎదుటి పాత్రకు రెండు ఇష్టాలు, ఒక అయిష్టం రాసుకుని, కరిస్మా చెక్ ఫలితాన్ని వాటికి ముడిపెట్టి ముందు ఒక ఆట నడిపి చూడండి. ఆ కాగితం మీ జట్టుకు నచ్చిందంటే పుస్తకానికి పెట్టే డబ్బు దండగ కాదు.