నాలుగేళ్లు, 7,000 కిలోమీటర్లు, లెక్కలేనన్ని పల్లేరు ముళ్లు

ముందే చెప్తున్నా, సైకిల్ మంచిదే. కాకపోతే షోరూంలో కొన్న సైకిల్ వేరు, ఇప్పుడు నేను తొక్కుతున్న సైకిల్ వేరు.

మాది వింజమూరు దగ్గర పల్లె. నాలుగేళ్ల కిందట 46 వేలు పెట్టి తెచ్చాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిల్, 29 అంగుళాల చక్రాలు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, వెనక పది గేర్లు. ‘ఈ డబ్బుకు సెకండ్ హ్యాండ్ బండే వచ్చేది గదరా’ అని మా నాన్న ఇప్పటికీ అంటాడు. తారు రోడ్డు మీద తొక్కింది తక్కువ. డొంకలు, చెరువు కట్టలు, గొర్రెల బాటలు, ఆదివారమైతే ఉదయగిరి కొండ కింద రాళ్ల దారులు.

మొదటి నెలలో పదకొండు పంక్చర్లు. మన మెట్ట నేలల సంగతి తెలిసిందే. వానలకు పాకిన పల్లేరు ఎండాక కాయలు ముక్కలుగా విడిపోతాయి. ముక్క ఎటు తిరిగి పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. అది చాలదన్నట్టు, సర్కారు తుమ్మ కొట్టినచోటల్లా మండలు దారిలోనే పడేసి పోతారు. ఒకరోజు పంక్చర్ షాపు పెద్దాయన ట్యూబును నీళ్ల బేసిన్‌లో ముంచి తిప్పుతుంటే ఏడు చోట్ల బుడగలొచ్చాయి. ‘ఏంది నాయనా, సైకిల్ కొన్నావా, జల్లెడ కొన్నావా?’ అన్నాడు.

ఆ తర్వాతే ట్యూబ్‌లెస్‌కు మార్చాను. రిమ్ముకు టేపు, కొత్త వాల్వు, ఒక్కో టైరులో 100 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే కన్నాలను మూసే పాలలాంటి ద్రవం. టైరు అంచు రిమ్ములో కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా కొట్టాలి, చేతి పంపుతో నావల్ల కాలేదు. లారీ టైర్ల షాపుకు పోతే అక్కడి గొట్టం మన సన్న వాల్వుకు పట్టలేదు. చిన్న ఇత్తడి అడాప్టర్ తెప్పించుకునేదాకా వారం రోజులు సైకిల్ గోడకే ఆని ఉంది.

పట్టాక మాత్రం హాయి. ముల్లు పీకితే తెల్లటి పాలు చిమ్ముతాయి, చక్రం రెండు చుట్లు తిప్పేసరికి కన్నం మూసుకుంటుంది. రెండున్నరేళ్లలో దారిలో ఆగిపోయింది రెండే సార్లు, అదీ రాయి కోసి టైరు చీలినప్పుడు. ఇంకో లాభం, ట్యూబు ఉన్నప్పుడు గాలి తగ్గిస్తే రాళ్లకు, రిమ్ముకు మధ్య అది నలిగి చిల్లు పడేది, అందుకని 40 పీఎస్ఐ కొట్టేవాణ్ని. ఇప్పుడు 25 చాలు. గులకరాళ్ల మీద టైరు జారదు, నడుము నొప్పి సగం తగ్గింది. మన ఎండలకు సీలెంట్ మాత్రం తొందరగా ఆరిపోతుంది. వేసవిలో రెండు నెలలకోసారి చక్రం విప్పి చెవి దగ్గర ఊపి చూస్తాను. లోపల చప్పుడు రాకపోతే మళ్లీ పోయాల్సిందే.

బ్రేకులకు వంక పెట్టలేను. ప్యాడ్లు మూడుసార్లు మార్చానంతే. చైనుకు చిక్కటి ఆయిల్ పూయొద్దు, ఎర్ర దుమ్ము అంటుకుని ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. పొడిగా ఉండే మైనం రకం వాడండి.

గేర్ల విషయానికొస్తే, ఉదయగిరి దుర్గం పట్టడానికి కృష్ణదేవరాయలకు దాదాపు ఏడాదిన్నర పట్టింది, 1514లో గాని దొరకలేదు. కొండ 3,000 అడుగుల పైచిలుకు. కింద చుట్టూ తిరగడానికి ఈ పది గేర్లు సరిపోతాయి, పైకి మాత్రం ఎవరైనా నడవాల్సిందే. ఎర్రచందనం ఉన్న అడవి వైపు నేను సైకిల్ తిప్పను, అనవసరపు టెన్షన్.

నా అసలు ఫిర్యాదు ఫోర్కు మీద. స్ప్రింగు రకం, 100 మిల్లీమీటర్లు కదలాలి. ఏడాదిన్నరకే సీళ్లలోకి దుమ్ము పోయి బిగుసుకుంది. సర్వీసుకు ఇస్తే పైపైన తుడిచి, ‘ఈ రేటు ఫోర్కు ఇంతే సార్’ అని పంపేశారు. ఇప్పుడు సగం కూడా కుంగదు. స్ప్రింగు బదులు గాలితో పనిచేసే ఎయిర్ ఫోర్కు అడిగితే సైకిల్ ధరలో సగం చెప్పారు.

కొనేవాళ్లు గేర్ల లెక్క తర్వాత అడగండి, రిమ్ము ట్యూబ్‌లెస్‌కు పనికొస్తుందో లేదో ముందు కనుక్కోండి. నేను అడక్కుండానే కొన్నాను. అదృష్టం, ఆ రకమే వచ్చింది.