హైడ్రోజన్ రేస్ కారులో సీల్డ్ కనెక్టర్లు, అక్రిలిక్ కోటింగ్: తిరుపతి ఎండకూ వానకూ ఎంత నిలిచాయి?

ముందు మార్కులు చెప్పేస్తాం. తీగలను కలిపే, నీళ్లు చొరని డాయిచ్ డీటీ, డీటీఎం రకాల కనెక్టర్లకు ఐదుకు నాలుగున్నర. సర్క్యూట్ బోర్డుకు తడి తగలకుండా కొట్టే అక్రిలిక్ పొరకు, అంటే కన్ఫార్మల్ కోటింగ్‌కు, నాలుగు. ఎంక్యూ-8 హైడ్రోజన్ సెన్సర్‌కు ఒకటిన్నర, అదీ మొహమాటానికి. మూడూ మా కాలేజీ ఫ్యూయల్ సెల్ (హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే సాధనం) కారులో మే నెల ఎండల్లోనూ, దీపావళి చుట్టూ పట్టుకునే వానల్లోనూ వాడినవే.

ఇలాంటి కారులో బోర్డులు వేడికే పోతాయని చాలామంది అనుకుంటారు. వేడికంటే నీళ్ల బాధ జాస్తి. కిలో హైడ్రోజన్ ఖర్చయితే 9 కిలోల నీళ్లు పుడతాయి. వాటిని బయటికి నెట్టే పర్జ్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా తడి గాలి బయటికి కొడుతుంది. కారు ఆపి షెడ్డులో పెట్టాక, బోర్డులుండే పెట్టెలోని వెచ్చటి గాలి చల్లారి బోర్డుకు చెమట పడుతుంది. ఆ చెమటకు, సోల్డర్ చేశాక కడగకుండా వదిలేసిన ఫ్లక్స్ జిగురు తోడైతే పిన్నుల మధ్య కరెంటు కారడం మొదలవుతుంది. ముందు దెబ్బ తినేది సెల్ వోల్టేజీలు చదివే బోర్డు. లోడు మీద ఒక్కో సెల్ ఇచ్చేది 0.6 నుంచి 0.7 వోల్టులే. కాస్త లీకేజీ ఉన్నా బాగున్న సెల్ చచ్చినట్టు కనిపిస్తుంది, కంట్రోలర్ స్టాక్‌ను (సెల్స్ పేర్చిన దొంతరను) ఆపేస్తుంది. ట్రాక్ మీద కారు నిలబడిపోతే స్టాక్ పోయిందని దాన్ని విప్పకండి, ముందు ఈ బోర్డు చూడండి.

కనెక్టర్లలో అందరూ పొరపడేది తీగ లావు దగ్గర. డీటీ పిన్ను 13 ఆంపియర్లు మోస్తుంది కానీ, దాని వెనక సీలు పట్టు దొరికేది బయటి వ్యాసం 2.2 నుంచి 3.7 మిల్లీమీటర్ల దాకా ఉన్న తీగకే. అంగళ్లలో దొరికే పలచ పొర 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వ్యాసం 2 మిల్లీమీటర్లకు కూడా రాదు. దాన్ని డీటీలో పెడితే సీలు ఉన్నా లేనట్టే. నీళ్లు తీగ వెంబడి లోపలికి పాకి, క్రింపు (పిన్నులో తీగను నొక్కి బిగించిన చోటు) మొదట్లో పచ్చటి చిలుము పడుతుంది. సిగ్నల్ తీగలకు డీటీఎం తీసుకోండి. పిన్నుకు 7.5 ఆంపియర్లే అయినా సీలు 1.4 మిల్లీమీటర్ల తీగను కూడా పట్టుకుంటుంది. కనెక్టరులో పిన్ను లేని ఖాళీ గదులన్నిటికీ ప్లగ్గులు పెట్టాలి. కనెక్టరు వెనక కనీసం అంగుళం దాకా తీగ నిటారుగా రావాలి. అక్కడే వంచి టై కడితే సీలు ఒక పక్కకు నలిగి నీళ్లకు దారిస్తుంది.

క్రింపుకు తీగను డీటీ పిన్నుకైతే 7 మిల్లీమీటర్లు, డీటీఎం పిన్నుకైతే 5 మిల్లీమీటర్లు చెక్కండి. పిన్ను పక్కనుండే చిన్న రంధ్రంలో రాగి కనబడాలి. ప్రతి తీగ రకానికీ ఒక నమూనా క్రింపు చేసి, 20 గేజ్ (సుమారు 0.5 చదరపు మిల్లీమీటర్లు) అయితే 6 కిలోల బరువు వేలాడదీయండి. జారిందంటే క్రింపర్ సెట్టింగు తప్పు. పైన కాస్త సోల్డర్ కూడా పెడదామనే ఆలోచన మాత్రం వద్దు. సోల్డర్ పాకినంత మేర తీగ బిర్రబిగుస్తుంది, అది ఆగిన చోట వైబ్రేషన్‌కు తెగుతుంది. పిన్నులను కదలకుండా పట్టే వెడ్జ్ లాక్ అంచు సమంగా కూర్చోకపోతే లోపల ఏదో పిన్ను పూర్తిగా దిగలేదని అర్థం, సుత్తి తీయకండి. అర మార్కు తగ్గించింది ఎందుకంటే, సరైన క్రింపర్ ధర విద్యార్థుల జేబుకు భారం. ఇంకో మాట, ఈ కనెక్టర్ల సీలు నీళ్లకే, నిప్పురవ్వకు కాదు. హైడ్రోజన్ అంటుకోవడానికి 0.02 మిల్లీజౌల్ చాలు. కరెంటు ఉండగా ఏదీ ఊడబీకవద్దు.

కోటింగ్‌లో సిలికాన్ బదులు అక్రిలిక్‌నే ఎంచుకోవడానికి గట్టి కారణం ఉంది. సిలికాన్ ఆవిర్లు హైడ్రోజన్ సెన్సర్లకు విషం. క్యాటలిటిక్ రకమైనా, మెటల్ ఆక్సైడ్ రకమైనా పైన పొర కట్టి స్పందన చచ్చిపోతుంది, పైకి మాత్రం సెన్సర్ బాగున్నట్టే ఉంటుంది. అందుకే పొడుగాటి కెపాసిటర్లను కదలకుండా అతికించడానికి కూడా ఆర్‌టీవీ (గది వేడికే గట్టిపడే) సిలికాన్ బదులు ఎపాక్సీ వాడాలి. ప్రదర్శన రోజు కారు మెరవాలని కొట్టే సిలికాన్ పాలిష్‌ను ఆ దరిదాపులకు రానివ్వకండి.

బోర్డును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్రష్షుతో కడగండి. నో-క్లీన్ ఫ్లక్స్ అని వదిలేయొద్దు. 50 డిగ్రీల్లో గంటసేపు ఆరబెట్టి, కనెక్టర్లకూ ప్రెషర్ సెన్సర్ రంధ్రాలకూ క్యాప్టన్ టేపు వేసి, ప్రతి పొరకూ బోర్డును పావు వంతు తిప్పుతూ పలచగా మూడు పొరలు కొట్టండి. ఆరాక మొత్తం మందం 30 నుంచి 130 మైక్రాన్ల మధ్య ఉండాలి. వాన రోజున కొడితే పొర పాలలా తెల్లబారుతుంది, ఆ రోజుకు పని ఆపేయడమే మంచిది. చీకట్లో యూవీ టార్చి వేసి చూస్తే పొర నీలంగా వెలుగుతుంది. ఐసీ కాళ్ల అంచుల వెంట నల్లటి గీతలు కనిపిస్తే అక్కడ పొర నిలవలేదని, ఇంకో విడత కొట్టాలని. అక్రిలిక్ మీదనే సోల్డర్ చేసుకోవచ్చు, మరమ్మతుకు ఇది పెద్ద సుఖం. పెట్రోలు, థిన్నర్ తగిలితే కరిగిపోతుంది, మార్కు తగ్గింది అక్కడే.

కోటింగ్ ఉంది కదా అని పెట్టెను గాలి చొరకుండా బిగించేయకండి. ఎండలో కాగిన పెట్టె మీద వాన పడితే లోపలి గాలి ముడుచుకుని, తీగలు లోపలికి వెళ్లే కేబుల్ గ్లాండ్ల గుండా నీళ్లు పీలుస్తుంది. గాలిని వదిలి నీటిని ఆపే వెంట్ మెంబ్రేన్ ఒకటి పెడితే సరి.

ఎంక్యూ-8 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక రోజు హీటర్ వెలిగితే గానీ కుదురుకోదు, తేమ మారితే రీడింగు మారుతుంది. 10,000 పీపీఎం దాకా చదువుతుంది. అంటుకునే హద్దు 4 శాతం, అంటే 40,000 పీపీఎం కాబట్టి అలారానికి ఆ పరిధి చాలు, కానీ నమ్మకమే చాలదు. ల్యాబులో నేర్చుకోవడానికి పెట్టుకోండి. ఏ సెన్సరైనా పైకప్పు కిందే ఉండాలి. హైడ్రోజన్ గాలికంటే 14 రెట్లు తేలిక.

కనెక్టరు విప్పి బిగించిన ప్రతిసారీ పవర్ తీసి, బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైను రెండు తీగలైన క్యాన్ హెచ్, క్యాన్ ఎల్ మధ్య మీటరు పెట్టండి. 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక కొస టెర్మినేటర్ (120 ఓముల రెసిస్టర్) అందడం లేదు, 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు.

కొత్త టీముకు డబ్బు తక్కువైతే మొదట క్రింపర్, తర్వాత డీటీఎం కనెక్టర్లు, ఆ తర్వాతే కోటింగ్. స్ప్రే డబ్బా మండే సరుకు, విమాన కొరియరుకు ఎక్కదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతకండి, పోటీకి నెల ముందే తెచ్చి, ఎండ తగలకుండా సిలిండరుకు దూరంగా దాచండి.