"మీరు తెచ్చిన ఇంజనే కదా" అని చేతులు దులుపుకునే షెడ్లతో జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ కొని, బయట షెడ్డులో ఎక్కించుకుందామని చూస్తున్న డ్రైవర్ అన్నలూ తమ్ముళ్లూ, దయచేసి ఇది చదివాకే బండి తాళాలు ఇవ్వండి. షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. డీజిల్ మారుతి డిజైర్ కారు నడిపే వాళ్లలో సగం మంది అక్కడికి వెళ్లినవాళ్లే. నాకూ ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు చెబితేనే వెళ్లాను.

నాది 2014 డిజైర్, ఎల్లో ప్లేటు ట్యాక్సీ. మూడు లక్షల కిలోమీటర్లు దాటాక ఇంజన్ లోపలి టైమింగ్ చైన్ తెగి హెడ్డు, పిస్టన్లు అన్నీ దెబ్బతిన్నాయి. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ బళ్లే ఆపేశారు కాబట్టి నాలాంటి వాళ్లకు పాత ఇంజనే దిక్కు. వెతగ్గా వెతగ్గా వెనక నుంచి లారీ గుద్దిన డిజైర్ ఒకటి దొరికింది. వెనక డిక్కీ నుజ్జయిపోయింది గానీ ముందు బానెట్ మీద గీత కూడా లేదు. ఇంజన్ బండిలో ఉండగానే స్టార్ట్ చేసి చూపించాడు అమ్మినాయన. వేడెక్కేదాకా ఆడించాం. ఆయిల్ లైటు వెంటనే ఆరింది, చైన్ చప్పుడు లేదు, డిప్‌స్టిక్ దగ్గర పొగ రాలేదు. అంతా ఫోన్‌లో వీడియో తీశాను. రూ.58,000 ఇచ్చి బిల్లు తీసుకున్నాను. దించాక బోల్టుల మీద పసుపు పెయింటు గుర్తులు పెట్టి, విప్పితే గ్యారంటీ ఉండదని ఆయన ముందే చెప్పాడు. అందులో తప్పేం లేదు, ఆటోనగర్‌లో అందరూ చేసేదే.

అక్కణ్నుంచి ట్రాలీ ఆటోలో షెడ్డుకు తెచ్చాం. వంద కిలోల పైన బరువుండే సామాను అది. పాత టైరు వేసి దాని మీదకు దించుతారు, లేదంటే చైన్ పుల్లీతో లేపుతారు. ఆ షెడ్డులో పుల్లీ ఉంది, టైర్లు గుట్టగా ఉన్నాయి. కానీ ఇద్దరు కుర్రాళ్లు ట్రాలీ అంచుదాకా జరిపి, ఒక పక్కకు వాల్చి సిమెంటు నేల మీదకు వదిలేశారు. చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, కిందకు వచ్చేలా పడింది. ఆ చప్పుడుకు పక్క షెడ్డువాళ్లు కూడా తిరిగి చూశారు. "టైరు వేయమని చెప్పాను కదమ్మా" అని నేను అరిస్తే, మేస్త్రి నా భుజం మీద చెయ్యేసి, "మేం రోజూ దించేవే సార్ ఇవి, మీరు అలా నీడకు కూర్చోండి, టీ తెప్పిస్తాను" అన్నాడు. అప్పుడు సార్, మీరు, టీ. ఈ మర్యాద గుర్తుపెట్టుకోండి.

ఫిట్టింగ్ అయింది. లేబర్ రూ.14,000, కొత్త క్లచ్ ప్లేటు, మౌంటింగులు, ఆయిలు, కూలెంట్ అన్నీ నా ఖర్చే. బండి తీసుకున్న రెండో రోజే, వేడి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైటు మినుకుమినుకుమంది. తిన్నగా షెడ్డుకే తీసుకెళ్లాను. మేస్త్రి బానెట్ ఎత్తి, ఏదో వైరు పీకి మళ్లీ పెట్టి, "సెన్సర్ పాతది సార్, అలాగే ఉంటుంది, ధైర్యంగా తిప్పుకోండి" అన్నాడు. గేజి పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడమని అడిగాను. అవసరం లేదన్నాడు. పది నిమిషాల పని అది. ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే నా ఇంజన్ బతికేది.

వారం తిరక్కుండానే, రాజమండ్రి ట్రిప్పు వేసుకుని వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక ముందు చైన్ గలగలమంది. పక్కకు తీసి ఆపేలోపే ఇంజన్ పట్టేసింది. బండిలో ఓ పెద్దావిడ, కూతురు, చంటిబిడ్డ. హైవే మీద ఎండలో వాళ్లను నిలబెట్టి, ఇంకో బండి వచ్చేదాకా నేను పడిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. వాళ్లు ఒక్క మాట కూడా అనలేదు, అదింకా బాధ.

టోయింగ్ చేయించి షెడ్డుకు తెచ్చాను. ఇప్పుడు చెప్పేది అందరూ జాగ్రత్తగా చదవండి.

చాంబర్ విప్పారు. కింద అరచెయ్యంత సొట్ట. ఆ సొట్టలో నల్ల పెయింటు లేచిపోయి, గీతల్లో సిమెంటు పొడి ఇంకా ఇరుక్కునే ఉంది. తిప్పి లోపల చూస్తే, సొట్ట పైకి ఉబ్బిన చోట గుండ్రంగా మెరుస్తున్న గీత. అది ఆయిల్ స్ట్రైనర్ మూతి ఆనుకుని రాసుకున్న గుర్తు. అంటే ఆయిల్ పీల్చుకునే మూతిని చాంబరే మూసేసింది. పంపుకు ఆయిల్ చాలినంత అందలేదు. ఈ ఇంజన్లలో చైన్‌ను బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్‌తోనే. ప్రెషర్ లేకపోతే చైన్ వదులవుతుంది, బేరింగులు ఎండి క్రాంకుకు అతుక్కుపోతాయి. నా ఇంజన్‌లో అయింది అదే. ఆయిల్ లైటు వెలిగింది సెన్సర్ పాతదై కాదని అక్కడ ఉన్న చిన్న కుర్రాడికి కూడా అర్థమైంది.

మేస్త్రికి నాకంటే ముందే అర్థమైంది. నేను చాంబర్ చూస్తూండగానే కుర్రాడితో, "ఒరేయ్, సుత్తి తీసుకుని ముందు ఆ సొట్ట తీసెయ్" అన్నాడు. నా కళ్ల ముందే, నా ఇంజన్ చచ్చిపడి ఉండగా, సాక్ష్యం చెరిపేయమంటున్నాడు! కుర్రాడు సుత్తి ఎత్తాడు కూడా. నేను చాంబర్ లాక్కుని గుండెకు ఆనించుకున్నాను, చొక్కా అంతా నల్ల ఆయిల్. అప్పుడు మారింది ఆయన గొంతు. "ఏమయ్యా, పాత ఇంజన్ తెచ్చిపెట్టి కొత్త ఇంజన్‌కిచ్చే గ్యారంటీ అడుగుతావా? ఇంజన్ నువ్వు తెచ్చావు, నేను బిగించాను. లోపల ఏముందో నాకేం తెలుసు? తీసుకుపో నీ సామాను" అన్నాడు. దించిన రోజు సార్, పట్టేసిన రోజు నువ్వు. నా వయసులో సగం ఉన్న కుర్రాళ్లు చుట్టూ నిలబడి నవ్వారు. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టి బతుకుతున్నాను, ఇంత మాట ఎవరితోనూ పడలేదు.

అంతటితో ఆగలేదు. "బుడమేరు వరదలో మునిగిన బండిది అయ్యుంటుంది, అందుకే పోయింది" అని అందరికీ వినపడేలా అన్నాడు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్ని బళ్లు మునిగాయో ఈ ఊళ్లో అందరికీ తెలుసు, కాబట్టి ఎవరైనా నమ్మేస్తారు. కానీ నీళ్లు తాగి వదిలేసిన ఇంజన్ అయితే పిస్టన్ ఆడే బోరులో తుప్పు మరకలు కనపడతాయి, లోపల మూలల్లో సన్నటి బురద పేరుకుంటుంది. హెడ్డు దించి చూపించమన్నాను. బోర్లు శుభ్రంగా ఉన్నాయి. కవర్ల లోపల చుక్క బురద లేదు. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. షెడ్డు మూసే టైమ్ అయిందన్నాడు.

అమ్మినాయన దగ్గరకు వెళ్తే, "నేను ఆడించి చూపించాను, మీ వీడియోలోనే ఉంది, ఇప్పుడు చాంబరు విప్పేశారు, గుర్తులు పోయాయి" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కాబట్టి నోరెత్తలేకపోయాను. ఇదే అసలు ప్రమాదం. ఇంజన్ ఒకరి దగ్గర కొని ఇంకొకరి దగ్గర బిగిస్తే, మధ్యలో ఏం జరిగినా అమ్మినవాడు బిగించినవాణ్ని, బిగించినవాడు అమ్మినవాణ్ని చూపిస్తాడు. ఈఎంఐ మాత్రం మనమే కట్టాలి.

మా వీధిలో ఉండే లాయరు గారికి చాంబరు, వీడియోలు చూపించాను. ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. సామాను ఎవరు కొన్నారన్నది వేరే విషయం, పని చేయమని వాళ్ల చేతికి ఇచ్చాక దాన్ని భద్రంగా చూడాల్సిన బాధ్యత వాళ్లదే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 151 అదే చెబుతుంది: మామూలు బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. తన సొంత ఇంజన్‌ను ఆ మేస్త్రి ట్రాలీ మీద నుంచి సిమెంటు నేల మీదకు తోస్తాడా?

ఇంకో మాట. "ట్యాక్సీ బండికి కన్స్యూమర్ కేసు పడదు, పో" అని కూడా బెదిరించాడు. అది అబద్ధం. స్వయం ఉపాధి కింద, కేవలం మన పొట్టకూటి కోసమే నడుపుకునే బండి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మనమూ వినియోగదారులమే. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. లాయరు నోటీసు ఈ వారంలో వెళ్తుంది. చాంబరు, స్ట్రైనరు మా ఇంట్లోనే ఉన్నాయి. ఇప్పుడు మేస్త్రి మనుషుల చేత "సగం లేబర్ వెనక్కిస్తాం, ఆ చాంబర్ ఇచ్చెయ్యమను" అని కబురు పెడుతున్నాడు. ఇవ్వను.

మీరు జాగ్రత్త పడాల్సినవి రెండు మూడే. ఇంజన్ షెడ్డులో దించేటప్పుడు వీడియో తియ్యండి, కిందవైపు చాంబరు కూడా పడేలా. దించాక ఇంజన్ నంబరు, ఏ పరిస్థితిలో అందిందీ కాగితం మీద రాయించి మేస్త్రి సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే అదే ట్రాలీలో ఇంకో షెడ్డుకు తీసుకెళ్లిపోండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడే గేజి పెట్టి ఆయిల్ ప్రెషర్ చూపించమనండి. వీలైతే ఇంజన్ అమ్మినవాళ్లే ఫిట్టింగ్ కూడా చేసిచ్చే చోట కొనండి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే.

ఇంజన్ మారిస్తే ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అది. అమ్మినవాళ్ల దగ్గర ఇంజన్ నంబరు రాసిన బిల్లు, ఆ పాత బండి ఆర్సీ కాపీ అడిగి తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయండి. ఈ షెడ్డులోనే ఇలా నష్టపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే బిల్లు, ఫొటోలు దాచుకుని నాకు మెసేజ్ పెట్టండి, కలిసి కేసు వేద్దాం.