కంచరపాలెంలో ఫైనల్ రాత్రి: అక్కయ్యపాలెం సప్లయర్స్ షాపు ఎల్‌ఈడీ స్క్రీన్ గురించి

ఈ జూన్‌లో మళ్ళీ ఫుట్‌బాల్ వరల్డ్ కప్. "అక్కా, ఈసారి కూడా గ్రౌండ్‌లో స్క్రీన్ పెట్టిస్తారా? పోయినసారి ఎవరి దగ్గర తెచ్చారు? ఎంతయింది?" అని సంక్రాంతి నుంచే ఫోన్లు. విశాఖ కంచరపాలెంలో సాయంత్రాలు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను కాబట్టి ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి. ఒక్కొక్కరికీ చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాసేస్తున్నాను.

మేం తెచ్చింది అక్కయ్యపాలెం ఎనభై అడుగుల రోడ్డు మీదున్న ఒక సప్లయర్స్ షాపు నుంచి. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు ఇచ్చే షాపే. 2022 డిసెంబర్ 18, ఆదివారం, అర్జెంటీనా-ఫ్రాన్స్ ఫైనల్‌కి 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఎల్‌ఈడీ స్క్రీన్, రెండు వైపులా స్పీకర్లు, జనరేటర్, 300 కుర్చీలు, కింద పరవడానికి పట్టాలు, ఆపరేటర్‌తో కలిపి 26 వేలకు మాట్లాడుకున్నాం. అంతకంటే తక్కువకు ప్రొజెక్టర్, తెల్లగుడ్డ ఇస్తామన్నవాళ్ళు ఉన్నారు. నేనే వద్దన్నాను.

షాపుకి వెళ్ళినప్పుడు నేను మొదట అడిగింది రేటు కాదు. "బాబాయ్, మ్యాచ్ మధ్యలో స్క్రీన్ ఆగిపోతే మీవాళ్ళు ఏం చేస్తారు?" అని అడిగాను. ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టి, "ఏటమ్మా, శుభమా అని బుకింగుకొచ్చి ఆగిపోద్ది అంటావు!" అన్నారు. ఎందుకు అడుగుతున్నానో చెప్పాను. ఆయన మొత్తం విన్నారు, టీ తెప్పించారు. నాకు ఆ షాపు మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఆయనకు చెప్పింది మీకూ చెబుతాను, లేకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది.

2008లో నేను మాంచెస్టర్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు పికడిల్లీ గార్డెన్స్ పక్క సందులో ఒక శాండ్‌విచ్ షాపులో పనిచేసేదాన్ని. మే 14, బుధవారం, ఆ ఊళ్ళో యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సంస్థ) కప్ ఫైనల్. స్కాట్లండ్ నుంచి గ్లాస్గో రేంజర్స్, రష్యా నుంచి జెనిట్ సెయింట్ పీటర్స్‌బర్గ్. స్టేడియంలో పట్టేది 50 వేల లోపు. గ్లాస్గో నుంచి దిగిన జనం 2 లక్షల దాకా ఉంటారని ఆ తర్వాత అంచనాలు వచ్చాయి. టికెట్ లేనివాళ్ళ కోసం ఊరి మధ్యలో పెద్ద స్క్రీన్లు పెట్టారు. అందులో ఒకటి మా షాపుకి రెండు నిమిషాల నడక దూరంలో.

పొద్దున్నుంచి ఊరంతా రేంజర్స్ నీలం రంగే. మన రామనవమి ఊరేగింపులో ఉండే సందడి అది. పాటలు, భుజాల మీద పిల్లలు, చేతుల్లో బీరు డబ్బాలు. మధ్యాహ్నం ఒక పెద్దాయన మనవణ్ణి తీసుకుని షాపుకొచ్చాడు. గ్లాస్గోలోని గోవన్ షిప్‌యార్డ్‌లో వెల్డరుగా చేశానన్నాడు. మాదీ షిప్‌యార్డ్ ఊరే, మా నాన్న ఫిట్టరు అన్నాను. అంతే, పది నిమిషాలు కదల్లేదు. ఇవాళ అవతలి టీమ్ కోచ్ అడ్వొకాట్ ఒకప్పుడు మా కోచే అని చెప్పాడు. పిల్లాడు కెచప్ వేసుకుని శాండ్‌విచ్ తిన్నాడు. నా కళ్ళ ముందు ఉన్న 'ఫుట్‌బాల్ జనం' వాళ్ళు.

మ్యాచ్ మొదలవడానికి కాసేపటి ముందు ఆ స్క్రీన్ పోయింది. మాకు ముందు వినిపించింది నిశ్శబ్దం. తర్వాత ఈలలు. తర్వాత గాజు పగిలిన చప్పుడు. బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళు సీసాలు పడుతుంటే స్క్రీన్ దగ్గరికి పోలేకపోయారట. హెల్మెట్లు, డాళ్ళతో పోలీసులు దిగారు. మా మేనేజరు షట్టర్ సగం దించాడు. ఆ సగం షట్టర్ కింద నుంచే ఆ పెద్దాయన మనవణ్ణి ముందు లోపలికి తోసి, తర్వాత తను వంగి వచ్చాడు. పిల్లాడి చొక్కా మీద ఎవరిదో బీరు ఒలికి తడిసిపోయి ఉంది, బూటు అడుగున గాజు పెంకు గుచ్చుకుని ఉంది. నేను కూర్చోబెట్టి టిష్యూతో లాగాను. పెద్దాయన మాత్రం ఒకటే మాట పదే పదే అన్నాడు: మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

తర్వాత టీవీలో చూశాను, ఒక పోలీసాయన కిందపడితే చుట్టూ చేరి తన్నుతున్నారు. స్క్రీన్ పోయిందని మనిషిని తన్నే హక్కు ఎవరికీ రాదు, నేను వాళ్ళను వెనకేసుకు రాను. మ్యాచ్ జెనిట్ 2-0తో గెలిచింది, ఆ స్కోరు మాకు మర్నాడు పొద్దున గానీ తెలియలేదు. కానీ తన్నినవాళ్ళు కొద్దిమంది. సీసాలు విసరనివాళ్ళు, ఎటు పోవాలో తెలియక నిలబడ్డవాళ్ళు వేలల్లో ఉన్నారు. స్క్రీన్ ఎందుకు పోయింది, ఎప్పుడొస్తుంది, రాకపోతే ఎక్కడికి వెళ్ళాలి అన్నది నిమిషంలో ఒక గొంతు చెప్పి ఉంటే ఆ కొద్దిమంది వెనక అంత గుంపు మిగిలేది కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

మొన్న 2025 డిసెంబర్ 13న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో జరిగింది చూసినప్పుడూ నాకు అదే గుర్తొచ్చింది. వేలు పోసి టికెట్లు కొన్నవాళ్ళకు మెస్సీ సరిగా కనపడనే లేదు, చుట్టూ వీఐపీల మూక, కాసేపటికే వెళ్ళిపోయాడు. కుర్చీలు, సీసాలు గాల్లోకి లేచాయి. అదే రాత్రి హైదరాబాద్ ఉప్పల్‌లో అదే మెస్సీ, జనం చూసి సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు. "ఫుట్‌బాల్ వాళ్ళు అంతే" అనేవాళ్ళతో నేను ఒప్పుకోలేను.

సరే, మన షాపు సంగతి. బాబాయ్ మూడు విషయాలకు ఒప్పుకున్నారు. జనరేటర్ ఊరికే తెచ్చి పెట్టడం కాదు, మ్యాచ్‌కి గంట ముందు ఒకసారి లోడ్ వేసి నడిపి చూపిస్తారు. బ్యాటరీ మీద నడిచే యాంప్లిఫయర్, మైకు వేరుగా ఉంటాయి, కరెంటుతో సంబంధం లేకుండా. రెండు గేట్ల దగ్గరా బ్యాటరీ లైట్లు. "పెళ్ళికైనా ఇన్ని అడగరు గదమ్మా" అన్నారు గానీ అన్నీ కాగితం మీద రాశారు.

పోలీస్ స్టేషన్‌లో పర్మిషన్ మేమే తెచ్చుకున్నాం. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ కుదరదు, మ్యాచ్ మొదలయ్యేదే ఎనిమిదిన్నరకు. కాబట్టి పది తర్వాత సౌండ్ తగ్గాల్సిందే. రెండో గేటు ఎప్పుడూ తాళమే, ఆ తుప్పు తాళానికి నూనె పోయించి తీయించాను. అదే 2022లో, మే 28న పారిస్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్ దగ్గర లివర్‌పూల్ అభిమానులను ఇరుకుదారిలో నిలబెట్టి, పైగా టియర్ గ్యాస్ కొట్టారు. మ్యాచ్ 36 నిమిషాలు ఆలస్యమైంది. ముందు తప్పంతా జనం మీదే వేశారు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో వచ్చిన విచారణ నివేదిక ప్రధాన బాధ్యత యూఈఎఫ్ఏదేనని చెప్పింది. గేట్ల విషయంలో నా పట్టుదల అందుకే.

ఆదివారం వాళ్ళు రావాల్సింది మూడింటికి, వచ్చింది నాలుగున్నరకు. ఆ గంటన్నర నాకు బాగా టెన్షన్ పెట్టింది. కేబుళ్ళు కూడా ఆడవాళ్ళు కూర్చునే వైపు నడిచే దారికి అడ్డంగా పరిచారు. నేను చెప్పాక గానీ పట్టా కప్పి ఇటుకలు పెట్టలేదు. ఇది ఎవరూ చెప్పకుండానే చెయ్యాల్సిన పని.

స్క్రీన్ మాత్రం చాలా బాగుంది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా జెర్సీ నంబర్లు కనిపించాయి. ఏడు వందల మంది పైగా వచ్చారు. గేటు దగ్గర కర్రలు పట్టుకున్న వాలంటీర్లు వద్దని నేనే అన్నాను. మా ఆడపిల్లలు జెర్సీలు వేసుకుని "అంకుల్, అటు కూర్చోండి, మంచినీళ్ళు ఆ మూల ఉన్నాయి" అని పలకరించారు. 2004 యూరో కప్‌లో పోర్చుగల్ పోలీసులు మ్యాచ్‌లు జరిగే ఊళ్ళలో ఇలాగే చేశారు. మామూలు యూనిఫాంలో జనంలో కలిసి తిరిగారు, మాట్లాడారు, డాళ్ళ దళాన్ని కంటికి కనపడనంత దూరంలో ఉంచారు. ఇంగ్లండ్ అభిమానులు వేలల్లో వచ్చినా ఆ ఊళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. గొడవలు జరిగింది మ్యాచ్‌లు లేని బీచ్ ఊరు అల్బుఫెయిరాలో, అక్కడ డ్యూటీ వేరే పోలీసు దళానిది. మా దగ్గరకొచ్చిన కానిస్టేబుల్ గారు కూడా కుర్చీ వేసుకుని జనం మధ్యే కూర్చున్నారు.

పదింటికి ఆపరేటర్ సౌండ్ తగ్గించాడు. మొదట్లోనే మైకులో చెప్పి ఉంచాడు కాబట్టి ఎవరూ అరవలేదు. పది దాటిన కాసేపటికి ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె పెనాల్టీ గోల్, నిమిషం తిరిగీ తిరగకుండా ఇంకోటి. 2-2. గ్రౌండ్ మొత్తం లేచి నిలబడింది. సరిగ్గా ఆ ఊపులో, 10:19కి, ఏరియా అంతా కరెంటు పోయింది.

నల్లటి స్క్రీన్. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. చేతులు చల్లబడ్డాయి. వెనక నుంచి ఒక ఈల, తర్వాత పది ఈలలు. ఎవరో కుర్చీ ఎత్తి కింద కొట్టిన చప్పుడు.

ఆపరేటర్ ఇరవై ఏళ్ళ కుర్రాడు. గేట్ల దగ్గర లైట్లు వెలిగేసరికి వాడి చేతిలో మైకు ఉంది. "కరెంటు పోయింది. జనరేటర్ వేస్తన్నాం. స్క్రీన్ బాక్సు మళ్ళీ మొదటి నుంచి ఆన్ అవ్వాలి, నాలుగు నిమిషాలు పడతాది. నా ఫోన్‌లో మ్యాచ్ నడుస్తంది, నేను చెప్తాను, కూకోండి." అంతే. తర్వాత ఫోన్ చూస్తూ మొదలుపెట్టాడు, బాల్ ఎవరి దగ్గర ఉంది, ఎవరు తన్నారు, ఎటు పోయింది. పేర్లు సగం తప్పు పలికాడు. "ఇంకా 2-2యే, గోల్ పడలేదు, ఖంగారు లేదు" అని మధ్య మధ్యలో. ఈలలు ఆగాయి. వాడి గొంతు వినపడాలని ఒకరినొకరు "ఉష్" అనుకున్నారు. కుర్చీ ఎత్తినాయన దాన్ని సరిచేసి దాని మీదే కూర్చున్నాడు. 10:23కి బొమ్మ వచ్చింది, చప్పట్లు మ్యాచ్ కంటే ముందు ఆ కుర్రాడికే పడ్డాయి. నాకు కళ్ళు తడిశాయి, పక్కనున్న పిల్లలు మ్యాచ్ కోసమనుకున్నారు.

3-3, పెనాల్టీల్లో 4-2, అర్జెంటీనా. అప్పుడు కూడా స్క్రీన్ వెంటనే ఆపలేదు. కప్పు అందుకునేదాకా నడిపారు, దాంతో పిల్లలున్నవాళ్ళు ముందు వెళ్ళిపోయారు, కుర్రాళ్ళు నిదానంగా కదిలారు. రెండు గేట్లలోనూ తొక్కిసలాట లేదు. ఇది నేను అడగలేదు, వాళ్ళకే తోచింది.

బిల్లు దగ్గర ఒక ఇబ్బంది. డీజిల్ కింద 1800 అదనంగా వేశారు. మాట్లాడుకున్నప్పుడు ఆ ఊసే లేదు. ఇచ్చేశాను, కానీ బాబాయ్‌కి చెప్పాను, ముందే చెబితే చందాల్లో కలుపుకునేవాళ్ళం కదా అని. ఆయన ఒప్పుకున్నారు.

స్క్రీన్‌కి, ఆ కుర్రాడికి ఐదుకి ఐదు. టైముకి రావడంలో రెండు. మొత్తంగా నాలుగు ఇస్తాను. ఈసారి ఫైనల్ జులై 19న అమెరికాలో, మనకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకు మొదలు. ఆ టైములో స్పీకర్లు పెట్టే ప్రశ్నే లేదు కాబట్టి, కమ్యూనిటీ హాల్ లోపల చిన్న స్క్రీన్‌కి నిన్ననే అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. డీజిల్ ఎంతో కాగితం మీద రాయించుకున్నాను, ఆపరేటర్‌గా అదే కుర్రాణ్ణి పంపాలని కూడా.