అమ్మానాన్నలకి కీప్యాడ్ ఫోనా, స్మార్ట్‌ఫోనా?

పాత ఫోన్ల రోటరీ డయల్ తిప్పి పెరిగి, పెద్దయ్యాక డిజిటల్ లోకంలోకి వచ్చినవాళ్ళని 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే రచయిత డిజిటల్ వలసదారులు అన్నాడు, పేరు బానే ఉంది గానీ వాళ్ళకి ఏ ఫోన్ కొనాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఖర్చు: కీప్యాడ్‌ది చాలా తక్కువ. స్మార్ట్‌ఫోన్ అంటే డేటా ప్యాక్, గ్లాస్ పగిలితే ఇంకో ఖర్చు.

ఛార్జింగ్: కీప్యాడ్ రోజుల తరబడి వస్తుంది, రెండోదానికి రోజూ పెట్టాల్సిందే.

నేర్చుకోవడం: అసలు తంటా ఇక్కడే. మా అమ్మ స్క్రీన్‌ని కూడా బటన్‌లా గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుంటుంది, ఐకాన్ కాస్తా ఇంకో పేజీకి జరిగిపోతుంది, తర్వాత "వాట్సాప్ పోయిందిరా" అని ఫోన్ (అదీ పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి). బటన్ అయితే వేలికి తెలుస్తుంది, చూడక్కర్లేదు.

రిస్క్: స్మార్ట్‌ఫోన్లో దొంగ లింకులు. కీప్యాడ్‌లో ఆ గోల తక్కువే కానీ ఓటీపీ అడిగే కాల్ దానికీ వస్తుంది. ఇంకోటి, చాలా దేశాల్లో 2జీ, 3జీ ఆపేస్తున్నారు, కాబట్టి కీప్యాడ్ కొన్నా 4జీ వోల్టీ (4జీ నెట్‌వర్క్ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) ఉన్నదే చూడండి.

కాల్స్ తప్ప ఏం వద్దనేవాళ్ళకీ, చేతులు వణికేవాళ్ళకీ కీప్యాడే. మనవల మొహం చూడాలి, అక్షరాలు పెద్దవి కావాలి, పక్కన నేర్పే మనిషి ఉన్నారు అంటే స్మార్ట్‌ఫోన్. నేర్పేవాళ్ళు లేకపోతే మాత్రం ఇప్పుడే వద్దు.